కవాయిలో కలలావు ట్రెయిల్: అమ్మానాన్న, పదేళ్ళ పాపతో ఎంతదాకా వెళ్ళొచ్చు?

ప్రశ్న: డాలస్ నుంచి ఒకాయన అడిగారు. "డిసెంబరు 17న హవాయిలోని కవాయి దీవికి వెళ్ళి 23న తిరిగొస్తున్నాం. నేను, మా ఆవిడ, పదేళ్ళ పాప, ఇండియా నుంచి వచ్చిన అమ్మ (61), నాన్న (67). నాన్నకి మోకాళ్ళ నొప్పులు. బస ఉత్తరాన ప్రిన్స్‌విల్‌లో. సముద్రం అంచున నడిచే కలలావు ట్రెయిల్ గురించి అందరూ గొప్పగా చెబుతున్నారు. మాతో అయ్యే పనేనా? జలపాతం దాకా వెళ్ళొచ్చా?"

నమస్తే అండీ. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. మీరూ, మీ ఆవిడా, పాపా హనకాపీఆయ్ బీచ్ దాకా వెళ్ళొచ్చు. పోను రెండు మైళ్ళు, రాను రెండు మైళ్ళు. మీ అమ్మగారు రోజూ వాకింగ్ చేసే మనిషైతే మొదటి అర మైలు ఎక్కి, అక్కడి నుంచి వెనక్కి దిగిపోవచ్చు. ఆ అర మైల్లోనే సగం అందం కనిపిస్తుంది. నాన్నగారిని మాత్రం ఆ రాళ్ళు ఎక్కించకండి. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్ళను చంపుతుంది. జలపాతం ఈసారికి వదిలేయండి. ఇక రెండో మైలు చివర వాగు ఉంటుంది. దాన్ని దాటాలా వద్దా అన్నది ఇప్పుడు డాలస్‌లో కూర్చుని తేల్చుకోవద్దు. ఆ రోజు ఒడ్డున నిలబడి నీళ్ళు చూశాకే.

నేను ఈ దారిలో మూడుసార్లు నడిచాను. 2016 జనవరిలో మేమిద్దరమే వెళ్ళాం. 2022 జూన్‌లో పిల్లలతో వెళ్ళాం. 2023 డిసెంబరులో అత్తగారిని, మామగారిని తీసుకెళ్ళాం. మీ పరిస్థితి మూడోదానికి దగ్గరగా ఉంది కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను. కానీ నాకు బుద్ధి వచ్చింది మాత్రం మొదటిసారి.

చాలామంది "కలలావు ట్రెయిల్ చేశాం" అంటారు కానీ అందులో తొంభై పాళ్ళు మొదటి రెండు మైళ్ళే నడిచి ఉంటారు. మొత్తం దారి ఒకవైపుకే 11 మైళ్ళు. కేఏ బీచ్ దగ్గర మొదలై కలలావు బీచ్ దగ్గర ముగుస్తుంది. కవాయి దీవి చుట్టూ తిరిగే రోడ్డు లేదు. వాయవ్యం వైపు కొండలు నిట్టనిలువుగా సముద్రంలోకి దిగిపోతాయి, కొన్నిచోట్ల 4,000 అడుగుల ఎత్తు. ఆ తీరాన్నే నాపాలీ అంటారు. హవాయి భాషలో పాలి అంటే కొండచరియ. ఉత్తరం నుంచి వచ్చిన రోడ్డు కేఏ దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి కాలిబాటే. లోయల్లో ఊళ్ళున్న కాలంలో జనం రాకపోకలకు వాడుకున్న దారి అది. సెలవులకు వచ్చినవాళ్ళ కోసం చదును చేసిన పార్కు బాట అనుకోకండి.

ఇప్పుడు టికెట్ల సంగతి. కొండ దాకా వెళ్ళి గేటు దగ్గర వెనక్కి తిరిగే కుటుంబాలు ప్రతి సీజన్‌లోనూ ఉంటాయి, అందులో మనవాళ్ళూ ఉంటారు. 2018 ఏప్రిల్‌లో అక్కడ ఘోరమైన వాన పడింది. హనలే ఊరి పక్కనే ఉన్న వాయ్‌పాలో 24 గంటల్లో 49.69 అంగుళాలు నమోదైంది, అంటే సుమారు 1,262 మిల్లీమీటర్లు. అమెరికాలో ఒక్క రోజులో పడిన వానకి అదే రికార్డు. హైదరాబాద్‌లో ఏడాదంతా పడేదానికన్నా ఎక్కువన్నమాట. రోడ్డు కొట్టుకుపోయి, పార్కు మూసేసి, 2019 జూన్‌లో మళ్ళీ తెరిచారు. అప్పటి నుంచి, ఈ దారి మొదలయ్యే కేఏ బీచ్ ఉన్న హాయెనా స్టేట్ పార్కులోకి రోజుకి 900 మంది సందర్శకులనే రానిస్తున్నారు. హవాయి వాసులు కానివాళ్ళకి ముందస్తు రిజర్వేషన్ తప్పనిసరి. మనిషికి 5 డాలర్లు, కారు నిలపడానికి 10. కారు టికెట్ ఒక్కటి తీసుకుంటే సరిపోదు, కారులో ఉన్న ప్రతి ఒక్కరికీ ప్రవేశం విడిగా కొనాలి. గేటు దగ్గర అమ్మరు.

ఈ టికెట్లు అమ్మే గోహాయెనా వెబ్‌సైట్‌లో బుకింగ్ సరిగ్గా 30 రోజుల ముందు, హవాయి అర్ధరాత్రికి తెరుచుకుంటుంది. పార్కింగ్ టికెట్లు చూస్తుండగానే అయిపోతాయి. అవి దొరక్కపోతే షటిల్ బస్సు ఉంది, ఖరీదు ఎక్కువే కానీ టైముకి కారు తీసేయాలన్న టెన్షన్ ఉండదు. మీకు పెద్దవాళ్ళున్నారు కాబట్టి నేనైతే కారే ఎంచుకుంటాను. నాన్నగారికి వెనక్కి వెళ్ళి కూర్చోవాలనిపిస్తే కారు అక్కడ ఉంటుంది. ఉదయం స్లాటు 6:30 నుంచి 12:30 వరకు. డిసెంబరులో అక్కడ ఏడు దాటాక సూర్యోదయం అవుతుంది. మీరు ఏడింటికి నడక మొదలుపెడితే, పాప నడకతో కూడా పదకొండున్నరకల్లా తిరిగొచ్చేస్తారు.

ప్రిన్స్‌విల్ నుంచి దూరం తక్కువే అయినా నలభై నిమిషాలు చేతిలో ఉంచుకోండి. హనలేకి ముందు, హనలే నది దగ్గర మొదలై ఒంటి వరస వంతెనలు వస్తాయి, ఒక కారు మాత్రమే పట్టే వెడల్పు. అక్కడ మర్యాద ఏమిటంటే, అటు నుంచి వచ్చే ఐదారు కార్లని వరసగా పోనిచ్చి, తర్వాత మనం వెళ్ళాలి. హారన్ కొట్టారంటే మీరు ఎక్కడి నుంచి వచ్చారో అందరికీ తెలిసిపోతుంది. ఇంకో మాట: గట్టి వాన పడితే హనలే నది పొంగి ఆ మొదటి వంతెన మూసేస్తారు. అందుకే ఈ నడకని ప్రయాణం చివరి రోజుల్లో పెట్టుకోవద్దు. మీరు 17న దిగుతున్నారు. 18 విశ్రాంతి. 19న వెళ్ళండి.

వంతెనకి ముందే, ప్రిన్స్‌విల్ దగ్గర రోడ్డు పక్కన ఒక వ్యూ పాయింట్ ఉంది. అక్కడ తప్పకుండా ఆగండి. కింద లోయంతా పచ్చటి మళ్ళు, నీళ్ళు నిలబెట్టి, గట్లు కట్టి. మా మామగారిది కోనసీమ. కారు దిగి చూసి "వరేనా?" అన్నారు. వరి కాదండీ, చేమ. హవాయివాళ్ళు కాలో అంటారు, దుంప ఉడికించి మెత్తగా దంచి పోయి అనే ముద్ద చేసుకుంటారు, అదే వాళ్ళ అన్నం. ఈ రాష్ట్రంలో పండే చేమలో ఎక్కువ భాగం హనలే లోయదే. ఆయన వరి అనుకోవడంలో తప్పు కూడా లేదు. చైనా నుంచి, జపాన్ నుంచి వచ్చినవాళ్ళు ఒకప్పుడు ఇదే లోయలో వరి పండించారు. పార్కు లోపల కూడా పార్కింగ్ నుంచి బీచ్‌కి వెళ్ళే చెక్క బాట చేమ మడి మీదుగానే సాగుతుంది, మైలులో మూడో వంతు దూరం, చదునుగా ఉంటుంది. మా మామగారు ఆ మడి దగ్గరే అరగంట నిలబడిపోయారు. "మనింటి వెనక తూము దగ్గర ఇదే కదుటే మొలిచేది" అని అత్తగారితో అన్నారు. మీ నాన్నగారికి వ్యవసాయం తెలిసుంటే ఆయన ట్రిప్పు అక్కడే వసూలైపోతుంది.

కేఏ బీచ్‌లో చెట్ల నీడ ఉంది, బాత్రూములున్నాయి, తాగే నీళ్ళున్నాయి, లైఫ్‌గార్డ్ ఉంటాడు. వేసవిలో అక్కడ నీళ్ళు చెరువులా ఉంటాయి, డిసెంబరులో అలా ఉండవు. నాన్నగారిని నీళ్ళకి దూరంగా చెట్టు కింద కూర్చోబెట్టండి. ఇసుకలో నల్లటి పెద్ద బండలాంటిది పడుకుని కనిపిస్తే బండ అనుకోకండి, మాంక్ సీల్ అనే సముద్ర జంతువు అయ్యుండొచ్చు. కనీసం 50 అడుగుల దూరంలో ఉండాలి, ఫోటో కోసం దగ్గరికి పోతే జరిమానా పడుతుంది.

సరే, ఎక్కడం. మొదటి మైలు దాదాపు అంతా ఎక్కుడే. మొదట్లో పరిచిన రాళ్ళు వస్తాయి, ఏళ్ళ తరబడి అడుగులు పడి నున్నగా అయిపోయాయి, తడిస్తే సబ్బు రాసినట్టు ఉంటాయి. కాలు రాయి నెత్తిన కాకుండా, రాయికీ రాయికీ మధ్య మట్టిలో పెట్టడం పాపకి ముందే నేర్పండి. మొదలయ్యే చోట చాలాసార్లు ముందు వెళ్ళినవాళ్ళు వదిలేసిన వెదురు కర్రలు, జామ కర్రలు గుట్టగా కనిపిస్తాయి. తలా ఒకటి తీసుకోండి, తిరిగొచ్చాక అక్కడే పెట్టేయండి. సిగ్గుపడే విషయం కాదు, బురదలో మూడో కాలు అదే.

అర మైలు లోపే నాపాలీ కొండలు ఒకదాని వెనక ఒకటి కనిపించడం మొదలుపెడతాయి. అర మైలు దగ్గర వెనక్కి తిరిగి చూడండి. కింద కేఏ బీచ్, దాని ముందు పగడపు దిబ్బ, దిబ్బకి ఇవతల లేత ఆకుపచ్చ, అవతల ముదురు నీలం, మధ్యలో తెల్లటి నురగ గీత. అమ్మగారికి ఇదే ఆఖరి స్టాపు. ఇక్కడ పది నిమిషాలు కూర్చుని, మీ ఇద్దరిలో ఒకరు ఆవిడని చెయ్యి పట్టుకుని కిందికి దించి, మళ్ళీ ఎక్కాలి. అదనంగా నలభై ఐదు నిమిషాలు పడుతుంది, దానికి ముందే సిద్ధపడండి. "నేనొక్కదాన్నే దిగిపోతాలే" అంటారు. ఒప్పుకోవద్దు. మా అత్తగారు కూడా అలాగే అన్నారు. దిగేటప్పుడు ఆవిడ కాలు జారింది, చెయ్యి నా చేతిలో ఉంది కాబట్టి మోకాలు కాస్త గీరుకుపోవడంతో సరిపోయింది.

ఎక్కేటప్పుడే ఇంకో తమాషా జరిగింది. దారికి రెండు పక్కలా, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు వేళ్ళు బయటికి చాపుకున్న చెట్లుంటాయి, పొడుగాటి ఆకులు. వాటిని చూడగానే అత్తగారు ఠక్కున ఆగి, "మొగలిపొదలే ఇవి, పాములుంటాయి" అన్నారు. చెట్టు సంగతిలో ఆవిడ మాట నిజమే, మన మొగలి జాతిదే. ఇక్కడ హలా అంటారు, ఆకులతో చాపలు, బుట్టలు అల్లుతారు, పండు అనాసపండులా వేలాడుతుంది. పాముల సంగతికొస్తే, హవాయిలో మనం భయపడాల్సిన పాములు లేవు. ఇంట్లో పాముని పెంచుకోవడం కూడా అక్కడ నేరం. ఇది చెప్పినా ఆవిడ దిగేదాకా కర్రతో పొదల్ని తడుతూనే ఉన్నారు. దారిలో నోని కాయలు కూడా కనిపిస్తాయి. ఒకప్పుడు మన బంధువుల్లో ఎవరో ఒకరు సీసా రెండు వేలకి అంటగట్టిన నోని జ్యూస్ గుర్తుందా? అదే కాయ. ఇక్కడ నేలపాలవుతూ ఉంటుంది, వాసన చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

మైలు దాటాక దిగుడు. వాన పడిన మర్నాడైతే ఎర్రమట్టి బురద చీలమండ దాకా ఉంటుంది. బురద తప్పించుకుందామని అంచుకి జరగడమే ఇక్కడ అసలు ప్రమాదం. అంచున గడ్డి ఉంటుంది, గడ్డి కింద నేల ఉండకపోవచ్చు. బురద మధ్యలోంచే నడవండి, బూట్లు తర్వాత కడుక్కోవచ్చు.

ఇక వాగు. రెండో మైలు చివర హనకాపీఆయ్ వాగు వస్తుంది. దాని మీద వంతెన లేదు, అవతలి ఒడ్డున బీచ్. 2016లో మేం పొద్దున తొమ్మిదిన్నరకి దాటినప్పుడు నీళ్ళు పాదాలు మాత్రం తడిపాయి. ఎండ కాస్తోంది. అవతల లోయలో జలపాతం వైపు ఓ మైలు వెళ్ళి, అలసిపోయి వెనక్కి వచ్చాం. మా మీద ఒక్క చినుకు పడలేదు. వచ్చేసరికి వాగు రంగు టీలా మారిపోయింది. మా ఆవిడకి ముందు చప్పుడు వినిపించింది: నీళ్ళ హోరు కింద, అడుగున బండరాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటూ దొర్లే చప్పుడు, గడగడ అని. ఎగువన కొండల్లో వాన పడింది. ఆ కొండల మధ్య ఉన్న వాయ్‌అలేఅలే శిఖరం ప్రపంచంలో అతి ఎక్కువ వాన పడే చోట్లలో ఒకటి. కవాయిలో ఏ పేరు ముందైనా 'వాయ్' కనిపిస్తే అది నీరు. వాయ్‌మేయా, వాయ్‌లువా, వాయ్‌పా. ఊరి పేర్లే ముందుగా చెబుతున్నాయి, మేమే వినలేదు.

అప్పటికే ఇరవై మందిదాకా ఒడ్డున ఉన్నారు. ఒక కుర్రాడు తాడు పట్టుకుని దాటబోయి నడుము దాకా మునిగి, బ్యాగు వదిలేసి, ఎలాగో వెనక్కి వచ్చాడు. తర్వాత ఎవరూ ప్రయత్నించలేదు. అక్కడ ఒక స్థానికుడు, పెద్దాయన, ఒక పుల్ల తీసి సరిగ్గా నీటి అంచున బురదలో గుచ్చి, పక్కన బండ మీద కూర్చుని కమలాపండు ఒలుచుకోవడం మొదలుపెట్టాడు. అరగంటకి పుల్ల మునిగింది. ఇంకో పుల్ల గుచ్చాడు. రెండు గంటలు గడిచాక ఆ పుల్ల మీద తడి గీత కనిపించింది, నీళ్ళు దానికి రెండు వేళ్ళు కిందికి దిగాయి. అప్పుడు కూడా కదల్లేదు. నాలుగున్నర గంటలు కూర్చున్నాక, నీళ్ళలో రాళ్ళు మళ్ళీ కంటికి కనపడ్డాక, లేచి వెళ్ళాడు. ఆయన వెనకే మేమందరం. ఆ పుల్ల చిట్కా నేను మా వైపు కొండల్లో కూడా వాడుతున్నాను. పాపకి కూడా చూపించండి, ఇష్టంగా నేర్చుకుంటుంది.

ఇది నా ఒక్కడి కథ అనుకోవద్దు. 2014 ఏప్రిల్‌లో ఇదే వాగు పొంగి అవతల చిక్కుకుపోయిన 121 మందిని హెలికాప్టర్లతో తీసుకొచ్చారు. దాటబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. కూర్చున్నవాళ్ళకి ఆకలి తప్ప ఏమీ కాలేదు.

కాబట్టి వాగు దగ్గరికి రాగానే దాటేయకుండా ఐదు నిమిషాలు నిలబడండి. అడుగున రాళ్ళు కనిపిస్తున్నాయా? ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయా? పాప మోకాలి కంటే లోతుందా? నీళ్ళు బురద రంగులో ఉన్నా, మోకాలు దాటినా అక్కడే ఆగి పులిహోర తిని వెనక్కి వచ్చేయండి. బాగుంటే దాటండి, కానీ బూట్లు విప్పవద్దు, రాయి మీది నుంచి రాయి మీదికి గెంతవద్దు. నీళ్ళలోనే, అడుగు అడుగు, మొహం ఎగువ వైపు పెట్టి, కర్ర ముందు గుచ్చి, పక్కకి జరుగుతూ నడవాలి. పాప మీ ఇద్దరి మధ్య ఉండాలి. వీపు సంచీ నడుము బెల్టు విప్పేయండి, పడితే సంచీ వదిలేయడానికి. తాడు కట్టి ఉంటే దాని మీద భారం వేయొద్దు, ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో తెలియదు. ఇంకో సంగతి: వెళ్ళేటప్పుడు దాటగలిగారంటే వచ్చేటప్పుడు కూడా దాటగలరని కాదు. కొండల మీద నల్ల మబ్బు ముసిరి ఉంటే, నీళ్ళు ఎంత తేటగా ఉన్నా ఇవతలే ఉండిపోండి.

బీచ్ గురించి ఒక నిరాశ ముందే చెప్పాలి. ఫోటోల్లో కనిపించే ఇసుక వేసవిది. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే పెద్ద కెరటాలు ఆ ఇసుకంతా లాక్కుపోతాయి, మీరు వెళ్ళేసరికి గుండ్రటి బండరాళ్ళే ఉండొచ్చు. జూన్‌లో మా పిల్లలు గూళ్ళు కట్టుకున్న చోటే డిసెంబరులో రాళ్ళ మీద నడవడం కష్టమైంది. కానీ కెరటం వెనక్కి వెళ్ళేటప్పుడు ఆ రాళ్ళన్నీ కలిసి చేసే గలగల చప్పుడు ఇసుక బీచ్‌లో వినలేం. నీళ్ళలోకి మాత్రం దిగొద్దు, కాళ్ళు తడుపుకోవడానికి కూడా. నేను చూసినప్పుడు అక్కడ చెక్క బోర్డు మీద, మునిగిపోయినవాళ్ళ లెక్క గీతలు గీసి ఉంది, మనం చిన్నప్పుడు బాకీలు రాసుకున్నట్టు. వైజాగ్‌లో ఆర్కే బీచ్ లాగుడు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక్కడ దిబ్బ అడ్డం లేదు, లైఫ్‌గార్డ్ లేడు, ఫోన్ సిగ్నల్ లేదు. సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు దిగడం కూడా వద్దు.

జలపాతం ఇంకో రెండు మైళ్ళు లోయలోకి. సుమారు 300 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది, దారిలో వెదురు తోపులు, పాత చేమ మళ్ళ రాతి గట్లు కనిపిస్తాయి, చాలా బాగుంటుంది. కానీ అదే వాగుని మళ్ళీ మళ్ళీ దాటాలి, మొత్తం ఎనిమిది మైళ్ళు, ఆరేడు గంటలు. ఉదయం స్లాటులో కుదరదు, డిసెంబరులో పదేళ్ళ పిల్లతో మంచిది కాదు. హనకాపీఆయ్ లోయ దాటి సముద్రం వెంట ముందుకి వెళ్ళాలంటే క్యాంపింగ్ పర్మిట్ ఉండాలి, ఒక్క రోజులో వెళ్ళొచ్చేవాళ్ళకి అనుమతి లేదు. ఏడో మైలు ప్రాంతంలో క్రాలర్స్ లెడ్జ్ అనే చోట ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం, మధ్యలో సన్నటి అంచు. అది మీ ప్రశ్నలో లేదు, ఉండకూడదు కూడా.

వెంట తీసుకెళ్ళేవి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా తాగొద్దు, పందుల వల్ల, ఎలుకల వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. కాళ్ళ మీద పుండ్లు, గీతలు ఉంటే వాగులో కూర్చోవడమూ మంచిది కాదు. బూట్లు అడుగున గాళ్ళు బాగా ఉన్నవి, ఇంతకుముందు వేసుకున్నవి. కొత్తవి కొని అక్కడే మొదటిసారి వేసుకుంటే బొబ్బలొస్తాయి. అమ్మగారు అర మైలే అయినా చుడీదార్, బూట్లు. చెప్పులతో, చీరతో ఆ రాళ్ళు ఎక్కనివ్వకండి. జీన్స్ తడిస్తే బరువు, ఎవరికీ వద్దు. సన్‌స్క్రీన్ ఇంటి నుంచి తెచ్చుకునేముందు సీసా వెనక చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవాటి అమ్మకాన్ని పగడాల కోసం హవాయి 2021 నుంచి నిషేధించింది. తిండి సంగతికొస్తే మా అనుభవంలో పులిహోరని మించింది లేదు. చెమటకి పోయిన ఉప్పు తిరిగొస్తుంది, చింతపండుకి నోరు తడి ఆరదు, మధ్యాహ్నం దాకా పాడవదు. పెరుగన్నం మాత్రం ఎండలో పులిసిపోయింది, ఒకసారి చేసి చూశాం.

ఇప్పుడు మీ అమ్మానాన్నలకి నిజంగా సముద్రం అంచున నడక కావాలంటే, దక్షిణాన పోయిపూ దగ్గర మాహాఉలేపూ ట్రెయిల్‌కి తీసుకెళ్ళండి. నేనడిగితే మీ కుటుంబానికి అదే అసలైన నడక. షిప్‌రెక్ బీచ్ దగ్గర మొదలవుతుంది, ఒకవైపుకి సుమారు రెండు మైళ్ళు. దాదాపు చదును, రిజర్వేషన్ అక్కర్లేదు, ఎక్కడ అలసిపోతే అక్కడి నుంచి వెనక్కి తిరగొచ్చు. పాతకాలపు ఇసుక దిబ్బలే గట్టిపడి రాయిగా మారి, గాలికి, కెరటాలకి కోసుకుపోయి వింత వింత ఆకారాల్లో ఉంటాయి. కొండలు గాలుల్ని అడ్డుకోవడం వల్ల దక్షిణం వైపు వాన తక్కువ, ఉత్తరాన కుండపోతగా ఉన్న రోజున కూడా ఇక్కడ ఎండ ఉండొచ్చు. పైగా మీరు వెళ్ళేది తిమింగలాల కాలం. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు ఈ జలాల్లోకి వస్తాయి. మా మామగారు అంచుకి దూరంగా రాయి మీద కూర్చుని తిమింగలాలు చిమ్మే నీటి చిమ్ములు మూడు లెక్కపెట్టారు. మాకు ఒకటే కనిపించింది.

ఇంకో రోజు వాయ్‌మేయా లోయ మీదుగా కోకేఏ అనే కొండ పార్కుకి కారులో ఎక్కితే, పైనుంచి కలలావు లోయ మొత్తం కనిపించే చోటు ఉంది, సుమారు 4,000 అడుగుల ఎత్తులో. 11 మైళ్ళు నడిచినవాళ్ళు కింద నుంచి చూసే లోయని నాన్నగారు కారు దిగి పది అడుగులేసి చూడొచ్చు. పొద్దున్నే వెళ్ళండి, తర్వాత మబ్బు కమ్మేస్తుంది. కమ్మేసినా వెంటనే వెనక్కి రావద్దు, పావుగంటలో తెర తీసినట్టు తొలగిపోవడం నేను రెండుసార్లు చూశాను. వాయ్‌లువా దగ్గర శైవ మఠం కూడా ఉంది. అక్కడి ఇరైవన్ ఆలయం తెల్ల గ్రానైట్ రాళ్ళు బెంగళూరులో చేత్తో చెక్కి, ఓడలో తెచ్చి కట్టారు, 2023లో కుంభాభిషేకం జరిగింది. ఉదయం పూటే రానిస్తారు, ముందుగా రిజర్వ్ చేసుకోండి. అమ్మగారు ఊళ్ళో అందరికీ చెప్పుకునేది ఏ కొండ గురించో కాదు, దీని గురించే అని నా పందెం.

ఒక్కటి మర్చిపోయాను. హాయెనాలో ఫోన్లు పనిచేయవు. మీరు వాగు అవతల చిక్కుకుంటే బీచ్‌లో కూర్చున్న అమ్మానాన్నలకి ఆ సంగతి తెలిసే దారి లేదు. కాబట్టి వెళ్ళేముందు నాన్నగారికి ఇలా చెప్పండి: "పదకొండున్నరకి రావాలి. రాకపోతే వాగు పొంగిందని, మేం ఒడ్డున కూర్చున్నామని అర్థం. ఒంటిగంట దాటితే లైఫ్‌గార్డ్‌కి చెప్పండి, మీరు మాత్రం మమ్మల్ని వెతుక్కుంటూ ఆ దారి ఎక్కొద్దు." కారు తాళం ఆయన దగ్గరే ఉంచండి, మందులూ పులిహోరలో వాళ్ళ వాటా కూడా. స్లాటు దాటిపోతే పార్కింగ్ వాళ్ళు అడుగుతారేమోనని మీరు తొందరపడి నీళ్ళలో దిగొద్దు. ఆ సంగతి తిరిగొచ్చాక చూసుకోవచ్చు.

డిసెంబరు 19కి టికెట్లు నవంబరు 19న తెరుచుకుంటాయి. హవాయి అర్ధరాత్రి అంటే మీ డాలస్‌లో తెల్లవారుజామున నాలుగు. మూడు యాభైకి అలారం పెట్టుకోండి, వెబ్‌సైట్‌లో అకౌంట్ ముందు రోజే తెరిచి, కార్డు పక్కన పెట్టుకోండి. ఒక పార్కింగ్, ఐదు ప్రవేశాలు.